ధ్యానంల చుట్టిన బీడీలు

మొన్న గుళ్లె ధ్యానం చేసి కండ్లు తెరిచేసరికి నా ఒళ్లె మూడు కట్టల బీడీలున్నయి! నవ్వేటోళ్లు ఇప్పుడే నవ్వుండ్రి. మా ఖానాపూర్‌ల సగం మందికి ఈ ముచ్చట తెల్సు. తెల్వని సగానికి మా యారాలు, అంటే తోడికోడలు, గంగక్క చెప్పుకుంట తిరుగుతుంది. ఆమె చెప్పేదాంట్ల నేను గుళ్లె బీడీ తాగిన్నని కూడ ఉన్నదట. అందుకే నేనే కూసొని రాస్తున్న.

నాది చిన్న గొంతు. వంటింట్లకెల్లి పిలిస్తే నడింట్ల ఉన్న మా ఆయనకు ఇనవడదు. కాని లోపల మాత్రం పొద్దున లేచినకాడికెల్లి మైకు మోగుతనే ఉంటది. దేవుని ముందర చేతులు జోడిస్తనా, "అందరిని సల్లగ సూడు తండ్రీ" అంటనే, పప్పు పొంగిందా, మేకపిల్లను కట్టేసిన్నా, తునికాకు నానవెట్టిన్నా లేదా! దండం అయిపోతది, దేవుడు యాదికి రాకనే పోతడు.

తునికాకు అంటే బీడీల ఆకు. మా ఇంట్ల మొగోళ్లు మగ్గం నేస్తరు, ఆడోళ్లం బీడీలు చేస్తం. కార్ఖానాలకెల్లి ఆకు, తంబాకు, దారం తెచ్చుకుంటం. ఆకును నానవెట్టి తడిగుడ్డల చుడతం. చాట ఒళ్లె పెట్టుకొని కూసున్నమంటే ఇగ చేతులు వాటంతట అవే నడుస్తయి. ఇరవై అయిదు బీడీలకు ఒక కట్ట. తొమ్మిదేండ్లప్పుడు మా అవ్వ కాడ నేర్చుకున్న. చుట్టేటప్పుడు ఇప్పుడు నేను చేతుల దిక్కు సూడనే సూడ. మా అత్త నర్సవ్వ నాకంటె నాలుగు ఆకులు ఎక్కువే. కట్టను చేతుల పట్టుకొని జర ఒత్తి సూస్తది, ఒక్క బీడీ తక్కువున్నా చెప్పేస్తది. లెక్క సూసుకునే కార్ఖానా ముంషీ కూడ ఆమె తెచ్చిన కట్టలు విప్పి సూడడు.

మా అత్త మెడల ఒక తులసి మాల ఉంటది. ఆమె అత్త ఇచ్చింది. ఆ అత్తకు వాళ్ల అత్త ఇచ్చింది. రజాకార్ల గడబిడల ఇల్లు ఇడిచి పెట్టి ఉరికిన దినం ఎండి కడియాలు మర్చిపోయింది గాని, మాలను నడుముకు చుట్టుకొని పోయిందట మా అత్త వాళ్ల అత్త. జపం మొదలు పెట్టే ముందట పెద్దపూస పట్టుకొని ఆ మాల ఏసుకున్న ఆడోళ్లందరి పేర్లు చెప్పాలె. పోచవ్వ, ఆమె కోడలు ఎల్లవ్వ, ఆమె కోడలు రామవ్వ, ఆమె కోడలు నర్సవ్వ. నాకు కొత్త కోడలినప్పటి నుంచే నోటికున్నయి. పోచవ్వ ఏ ఊరి పిల్లనో, ఎల్లవ్వకు ఎన్ని కాన్పులో, అన్ని అడిగి అడిగి పెట్టుకున్న. గంగక్కకు ఎల్లవ్వ ఎన్నడు యాదికుండదు. మల్లవ్వ అంటది. ఎవలా మల్లవ్వ? మా వంశంల ఆ పేరే లేదు!

అందుకే ఆ మాల నాకే రావాలె అని నా పానమంత దాని మీదనే. ఆశంటె ఆశనే, దాసుకునుడెందుకు.

కార్తీకంల దూరం నుంచి ఒక స్వామివారు వచ్చిండ్రు. మార్కండేయ గుళ్లె ఏడు దినాలు ధ్యానం నేర్పిస్తరని చాటింపు ఏసిండ్రు. మనసు నిలవనోళ్లకు ఉపాయాలు చెప్తరట! నా కోసమే వచ్చిండ్రనుకున్న. మా అత్త ఇద్దరు కోడండ్లను ముందర కూసోవెట్టుకొని చెప్పింది.

"ఇనుండ్రి బిడ్డా. నాకు ఏండ్లు మీద వడుతున్నయి. ఆఖరి దినం గంట సేపు ఎవలు మనసు పెట్టి కూసుంటరో వాళ్లకే మాల. మనసు పెట్టనోళ్ల మెడల ఉంటే అవి ఉత్త పూసలే."

గంగక్క నా దిక్కు సూసి నవ్వింది. "రాజవ్వా, నీ మనసు గంట కాదు, గడియ కూడ నిలవది గదనే" అన్నది. నిజమే.

మొదటి దినం స్వామివారు ఊపిరి లెక్కవెట్టుమన్నరు. ఒకటి నుంచి నూరు దాక. అయినంక ఒక్కొక్కలను అడిగిండ్రు.

"మీరు ఎంతవరకు వెళ్ళారమ్మా?"

"ఇరవై అయిదు, సామీ. నాలుగు సార్లు."

"నూరు వరకు లెక్క రాదా?"

"వస్తది సామీ. కాని ఇరవై అయిదు కాంగనే నిండినట్టయితది."

స్వామివారికి సమజ్ కాలే. ఎన్క కూసున్న ఆడోళ్లందరికి అయింది. పక్కుమన్నరు.

రెండో దినం దీపం దిక్కు సూడుమన్నరు. రెప్ప కొట్టకుండ సూస్తే మనసు దీపం కాడనే నిలుస్తదట. సూసిన. వత్తి పక్కకు ఒరిగింది. ఎవలు సరి చేస్తలేరు! నూనె కూడ అడుగుకొచ్చింది. జరసేపు ఓపిక పట్టిన. ఇగ తట్టుకోలేక లేసి, వత్తి ముందుకు నూకి, నూనె పోసి, సెయ్యి కొంగుకు తుడుసుకొని మల్ల వచ్చి కూసున్న. స్వామివారు కండ్లు మూసుకొని నిట్టూర్చిండ్రు.

మూడో దినం ఇంకో ఉపాయం. "మీరు ఇంటి అరుగు మీద కూర్చున్నారనుకోండి. ఆలోచనలు దారిన పోయేవాళ్ళు. పోనివ్వండి. పిలవకండి" అన్నరు. మాట మంచిగనే ఉన్నది. కాని మా దిక్కు అరుగు మీద కూసొని, పోయేటోళ్లను పిలవకుంటే కొట్లాటలైతయి! ముందుగాల మా పెద్దక్క పోయింది. అక్కను ఎట్ల ఇడుస్త? "రాయే అక్కా, కూసో" అన్న. ఆమె ఎనక ఆమె ఆడిబిడ్డ. ఇగ ఒకల ఎనక ఒకలు. స్వామివారు గంట కొట్టేసరికి నా అరుగు మీద ఇరవై మంది ఉన్నరు, అందరికి చాయ్ పెడుతున్న.

గంగక్క మాత్రం రోజు రోజుకు బొమ్మ లెక్క కూసుంటుంది. కదలది, మెదలది. ముక్కులకెల్లి సన్నగ ఈల లెక్క సప్పుడు ఒస్తుండె. ప్రాణాయామం అనుకున్న నేను. ఇంటికి పోయినంక మా అత్త, "గంగవ్వను సూసి నేర్చుకో" అనుడు. నాకు అన్నం దిగలే. మాల గంగక్క మెడలకు పోతే మా ఎల్లవ్వ మల్లవ్వ అయిపోతది గద!

ఆరో దినం స్వామివారి కాళ్ల మీద వడ్డ.

"నాతోని అయితలేదు సామీ. పరేషాన్ అయితున్న. ఒక్క దినమే ఉన్నది."

స్వామివారు మంచోళ్లు. కసురుకోలే. "అమ్మా, మనసును వదిలేయండి, ఎటు పోతే అటు పోనివ్వండి. చేతులు ఒడిలో పెట్టుకోండి. రేపు గంటసేపు ఆ చేతులు కదలకుండా చూసుకోండి చాలు" అన్నరు.

చేతులే గద! గంత అల్కటిదా అనుకున్న. మనసంటె కనవడనిది, చేతులు నా ఒంటికే ఉన్నయి, ఏడికి పోతయి?

ఆఖరి దినం తాంబూలాల వంతు మా ఇంటిదే. వచ్చిన ఆడోళ్లందరికి పంచెటందుకు తమలపాకులు, ఒక డబ్బా వక్కపొడి, చేతులకు కట్టేటందుకు పసుపు దారపు ఉండ తీసుకపోయినం. ఆకు వాడిపోవద్దని మా అత్త తడిగుడ్డల చుట్టి నాకు అప్పజెప్పింది. నేను ముందు వరుసల కూసొని ఆకును కుడి మోకాలు పక్కన, డబ్బాను ఎడమ పక్కన, దారపు ఉండను ముందర పెట్టుకున్న. గంగక్క నా పక్కనే. స్వామివారు గంట మోగించిండ్రు. అందరం కండ్లు మూసుకున్నం.

ముందుగాల మైకు మోగింది. మేకపిల్ల, పప్పు, ముంషీ, మా ఆయన చినిగిన అంగీ. మోగితే మోగనీ అనుకున్న. చేతులు కదలొద్దు, గంతే. జరసేపటికి కుడి సెయ్యి ఒళ్లెకెల్లి పక్కకు జారింది. కింద సల్లగ, మెత్తగ తడిగుడ్డ తగిలింది.

గంతే. మైకు బందయింది.

ఏం చెప్పాలె మీకు! అసుంటి సుఖం నేను పుట్టినకాడికెల్లి ఎరుగ. పప్పు లేదు, మేక లేదు. గుడి లేదు, నేను లేను. నడుమ ఒక్కసారి ఏదో మెదిలింది, మల్ల పోయింది. గంట మోగింది. నాకైతే రెప్పపాటే అనిపించింది. సాధించిన తల్లీ అనుకుంట కండ్లు తెరిచిన.

స్వామివారు నా ఒళ్లెకు సూస్తున్నరు. నేను కూడ సూసిన.

మూడు కట్టలు! తమలపాకుల బీడీలు! కత్తెర లేదు గద, గోరుతోని గీసి, సాపుగ చింపి, వక్కపొడి నింపి, మూతి మడిచి, పసుపు దారంతోని కట్టిన్నట. ఒక్కొక్కటి ముత్తెం లెక్కున్నది. నేను చాట ముందర కూసున్నా అంత మంచిగ రావు.

"ఇవేమిటమ్మా?" అన్నరు స్వామివారు.

"బీడీలు, సామీ."

"గుడిలోనా?"

"తంబాకు లేదు సామీ. వక్కపొడే."

ఎనక వరుసలకెల్లి ఒక ముసలవ్వ, "ఓ రాజవ్వా, గట్లనే అగ్గిపెట్టె కూడ పంచవే!" అన్నది. ఇగ సూడుండ్రి! నవ్వులకు పైన కూసున్న పావురాలు లేసిపోయినయి. నాకు కండ్లల్ల నీళ్లు. మాల పోయింది, పరువు పోయింది, తాంబూలాలు పోయినయి.

స్వామివారు సెయ్యెత్తి అందరిని ఊకోవెట్టిండ్రు. "నిజం చెప్పండమ్మా. ఈ గంటలో మీ మనసులో ఏమున్నది?"

"ఏం లేకుండె సామీ. గుళ్లె అబద్ధమాడ. నేనున్నట్టు కూడ నాకు యాది లేదు."

ఆయన గడ్డం గోక్కున్నరు. "నేనైతే ఈ గంటలో భైంసా బస్సు ఎన్నింటికో అని నాలుగుసార్లు అనుకున్నాను" అని నా ఒళ్లె ఇడిగ పడ్డ ఒక బీడీ అందుకొని, దారం తీసి నోట్ల వేసుకొని నమిలిండ్రు.

గప్పుడు లేసింది గంగక్క. "సామీ, ఈమె చేతులు మిషిన్ లెక్క ఆడినయి. నేను కదల్నే కదల్లే. మాల నాదే గద అత్తా!"

మా అత్త ఆమె దిక్కు సూడను కూడ సూడలే. "నువ్వు కదల్లే బిడ్డా. నీ గురక కదిలింది. ఏడు దినాల సంది నేను నీ ఎనకనే కూసుంటున్న. బందయితదేమో అని సూసిన, పొగిడి కూడ సూసిన" అన్నది. అయితే ఆ ఈల ప్రాణాయామం కాదన్నట్టు!

నాకు పానం లేసి వచ్చింది. ఇగ మాల ఎవలకు? నాకేనాయె! మా అత్త నా ముందట కూలవడి, ఒళ్లెకెల్లి కట్టలు తీసుకున్నది. మొదటి కట్ట ఒత్తింది, పక్కకు పెట్టింది. రెండోది ఒత్తింది, పెట్టింది. మూడోది ఒత్తి ఆగింది. మల్ల ఒత్తింది.

"ఇరవై నాలుగే ఉన్నయి" అన్నది.

స్వామివారు నమిలేది ఆపి, "అమ్మా, నేనొకటి తీసుకున్నాను" అన్నరు.

"అది కట్టలది కాదు సామీ, ఇడిగ పడ్డది" అన్నది మా అత్త. నా కండ్లల్లకు సూసింది. "గీ ఒక్కదాని కాడ ఏడికి పోయిందే నీ మనసు?"

నడుమ మెదిలింది ఏందో నాకు గప్పుడు యాదికొచ్చింది.

"మాల కాడికి పోయింది, అత్తా."

మా అత్త నవ్వలే, కోపం చెయ్యలే. మాలను సవరించుకొని కొంగు కప్పుకున్నది. "నేనింకా సావలే గద. జర ఆగుండ్రి" అన్నది.

తాంబూలాల కింద ఆ బీడీలే పంచినం, ఇంకేం చేస్తం? ఆడోళ్లందరు పసుపు దారాలు చేతులకు కట్టుకొని, పచ్చ బీడీలు వేళ్ల నడుమ పట్టుకొని నవ్వుకుంట బజార్ల నడిచిండ్రు. చాయ్ హోటల్ మహబూబ్ భాయి గిలాస పట్టుకొని బయటికొచ్చిండు. "అరె అవ్వా! గుళ్లె కార్ఖానా ఎన్నడు తెరిచిండ్రు? మా ఇంటామె పేరు కూడ రాయించుండ్రి, ఆమె చెయ్యి మస్తు జల్ది నడుస్తది!" అన్నడు. గంగక్క తల దించుకొని పోతుంది. నేనైతే కొంగు ముఖం మీదికెల్లి తియ్యనే లేదు.

నాలుగు దినాలైనంక మా అత్త పొద్దుగాల పిలిచింది. మాల తీసి నా చేతుల పెట్టింది. "కార్ఖానా ఆకు తీసుకున్నట్టు తీసుకో. మాపటికి తెచ్చియ్యాలె. ఒక్క పూస కాడ కూడ మనసు జారొద్దు. నాకు తెలుస్తది." ఒక్కనాటిది కాదు, రోజు ఇట్లనే. పొద్దున ఇస్తది, మాపటికి తీసుకుంటది. గంగక్క దానికి కూడ ఒప్పుకున్నది, ఎందుకంటే ఆమెకు ఆ టైంల నిద్ర.

ఇప్పుడు రోజు పెద్దపూస పట్టుకుంట, పోచవ్వ, ఎల్లవ్వ, రామవ్వ, నర్సవ్వ అంట. జపం మొదలు పెడత. మనసు మంచిగనే నిలుస్తుంది, దేవుని దయ. ఒక్కటే ఫికర్. ఇరవై అయిదో పూస కాంగనే ఏళ్లు ఆగి, కట్టెటందుకు దారం ఎతుకుతున్నయి. నూట ఎనిమిది పూసలంటే నాలుగు కట్టలు, మీద ఎనిమిది. ఆ ఎనిమిదిని నడుమల ఇడిచిపెట్ట మనసొప్పుతలేదు. "స్వామీ, ఇయ్యి రేపటి కట్టల కలుపుకో" అని చెప్పి లేస్తున్న.