బోడికారు పంతులుగారు

అనంతపద్మనాభం పంతులుగారు తన కారు తనే బాగుచేసుకునేవారు. అయితే ఆ పనికి ఆయన రెండు చేతులూ చాలేవి కావు. మూడోదీ నాలుగోదీ వీధమ్మట వెళ్ళేవాళ్ళవి.

గుణుపురంలో ఆయన ఇల్లు దాటి వెళ్ళడం అంత సులువు కాదు. అరుగు పక్కన తాటాకు పందిరి, పందిరి కింద కారు, కారు కింద పంతులుగారి కాళ్ళు. కాళ్ళే కదా కనిపిస్తున్నాయి, మనల్ని చూడలేరులే అనుకుని ఎవరైనా గబగబా అడుగులేస్తే కింద నుంచి గొంతు వచ్చేది.

"ఎవరదీ? ఒక్క నిమిషం ఇలా వచ్చి ఇది పట్టుకో."

చెప్పుల చప్పుడుని బట్టి మనిషిని పోల్చేవారు. చెప్పుల్లేనివాళ్ళని దగ్గుని బట్టి.

ఆ ఒక్క నిమిషం ఎంతసేపుంటుందో అసిరయ్యకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలీదు. అసిరయ్య వంశధార ఒడ్డున నాలుగెకరాల రైతు. తాతలు శ్రీకాకుళం వైపు నించి వచ్చి అక్కడ స్థిరపడ్డారు. పంతులుగారికి అతను పద్నాలుగుసార్లు దొరికిపోయేడు. ఒకసారి ఎద్దులకి తవుడు తేవడానికని పొద్దున్న బయల్దేరి, పొద్దుగూకే వేళకి కిరసనాయిలు కంపుతో ఇల్లు చేరేడు.

"తవుడేది?" అంది అతని భార్య గున్నమ్మ.

"మడ్‌గార్డు పట్టుకున్నాను."

గున్నమ్మ ఇంకేం అడగలేదు. ఆ ఊళ్ళో అది చెల్లుబాటయ్యే జవాబే.

ఆ కారుకీ ఒక కథ ఉంది. ఎస్టేటులో ఇంజనీరుగా ఉన్న దొర ఒకాయన నలభై ఏడులో ఓడెక్కబోతూ దాన్ని పంతులుగారికి అప్పగించి పోయేడు. ముప్ఫై నాలుగో సంవత్సరం బండి. రెండే సీట్లు, పైన టాపు లేదు, తలుపులు మోకాలెత్తు. పందేల్లో పరిగెట్టడానికి చేసిన బండి అని దొర మరీమరీ చెప్పేడు. ఊళ్ళోవాళ్ళు దాన్ని ఒకసారి పైనుంచి కిందికి చూసి బోడికారు అన్నారు. అప్పటికి పంతులుగారు ఎస్టేటు కచేరీలో రికార్డులు చూసేవారు. ఎస్టేట్లు రద్దయ్యేక ఆయనకి చూసుకోవడానికి ఆ కారొక్కటే మిగిలింది.

దానికి సామాను కటకంలో దొరకదు, మద్రాసులో దొరకదు. అంచేత పంతులుగారు ఇంట్లో ఉన్నవాటితోనే నెట్టుకొచ్చేవారు. పాత రికార్డుల అట్టలు కత్తిరించి ఇంజను అతుకుల్లో పెట్టే గాస్కెట్లు చేసేవారు. రేడియేటరు కారితే అందులో గుప్పెడు పసుపు పోసేవారు. సీటు కిర్రుమంటే ఆముదం. ఇత్తడి మూతలన్నీ చింతపండుతో తోమేవారు. ఆయన భార్య విశాలాక్షమ్మ గారు చారు పెట్టలేదంటే ఆవేళ బండి ధగధగలాడుతోందని అర్థం.

అలా అని బండి నడవలేదని కాదు. నడిచేది. ఒకసారి రాయగడ దాకా వెళ్ళింది కూడా. వెళ్ళడానికి ఒక రోజు పట్టింది, రావడానికి రెండెడ్లబండి పట్టింది. పంతులుగారు మాత్రం స్టీరింగు వదలకుండా కూర్చుని, ఎద్దులు మలుపు తిరిగినప్పుడల్లా తనూ తిప్పుతూ ఊళ్ళోకి వచ్చేరు.

మంగలి లక్ష్మణ ఆయనకి గడ్డం గియ్యడానికి వచ్చి, సగం గీసి, కార్బురేటరు పట్టుకున్నాడు. పంతులుగారు ఎడమ చెంప నురగతోనే సాయంత్రం దాకా బండి కింద ఉన్నారు. ఆవేళ ఊళ్ళో ఎవరికీ క్షవరం లేదు. పొరుగువీధి రామతులసి అత్తగారితో గొడవపడి, ట్రంకుపెట్టి పట్టుకుని, పుట్టింటికి పోతానని స్టేషనుకి బయల్దేరింది. పంతులుగారు ఆమెని ఆపి ఒక బేసిను నిండా నట్లూ బోల్టులూ పోసి, "వీటికి జతలు కలిపి పెట్టమ్మా, నా కళ్ళు ఆనడం లేదు," అన్నారు. జతలు కలిసేసరికి నౌపడా రైలు వెళ్ళిపోయింది. అత్తగారు వెతుక్కుంటూ వచ్చింది. పాపం పిల్లకి పుట్టిల్లు లేకుండా చేసేడని ఊరంతా ఆయన్ని తిట్టుకుంది.

ఏభై ఏడో సంవత్సరంలో, వానలు ఇంకా పడకముందు, అసిరయ్యకీ అతని తమ్ముడు మన్మథరావుకీ గట్టు తగువు వచ్చింది. అన్నదమ్ముల పొలాలకి మధ్య గట్టు ఒక్కటే. దాన్ని తమ్ముడు జానెడు ఇవతలికి జరిపేడని అన్న. అన్నే అవతలికి జరిపేడని తమ్ముడు. నాలుగు రోజులు పొలంలో అరుచుకున్నారు. అయిదో రోజు పొద్దున్న అసిరయ్య మూలనున్న బడితె తీసేడు.

"ఆడి బుర్ర బద్దలుగొట్టి వస్తాను. అంబలి కాసుంచు," అన్నాడు.

గున్నమ్మ ఏడవలేదు, అడ్డం పడలేదు. చేట పక్కన పెట్టి, "పంతులుగోరి ఈదమ్మటెల్లు. దగ్గిర," అంది.

అసిరయ్య ఆ మాటకి ఆశ్చర్యపోవలసింది. కాని కోపంలో ఉన్న మనిషికి భార్య చెప్పింది సబబుగా వినిపించడం ఎప్పుడో గాని జరగదు. ఆవేళ జరిగింది. ఆ దారినే పోయేడు. పందిరి దగ్గరికి వచ్చేక గాని అతనికి తను చేసిన తప్పు తెలీలేదు.

"అసిరయ్యా, ఒక్క నిమిషం," అన్నారు పంతులుగారు. ఆవేళ ఆయన కారు కింద లేరు. పందిరి గుంజ పక్కన నిలబడి ఉన్నారు.

"పనుంది పంతులుగోరూ. తమ్ముడింటికెల్తన్నాను."

"వెళ్దువుగాని. ఆ కర్ర అలా ఆనించి, ఇది నొక్కి పట్టుకో."

చెక్క మీద మోచేతంత స్ప్రింగు ఉంది. అసిరయ్య ఏదో అనబోయేలోగానే అతని రెండరచేతులూ దాని మీదకి చేరిపోయేయి. పంతులుగారు పైనుంచి ఒత్తేరు. స్ప్రింగు అణిగింది.

"ఇంజను లోపలిది. వాల్వు స్ప్రింగు. దీనికో పిన్ను దూర్చాలి, నే వెతికి తెస్తాను. అంతదాకా వదలకు."

"ఒగ్గీస్తే ఏటవుద్ది?"

"ఎగిరి నా కంటికి తగుల్తుంది. ఒక కంటికి ఆపరేషనయింది. ఉన్నది రెండోదే."

అసిరయ్య వదల్లేదు. తమ్ముడి బుర్ర బద్దలుగొట్టడానికి సిద్ధపడ్డవాడే గాని, పంతులుగారి కన్ను పోగొట్టే మనిషి కాదు.

మొదటి అరగంటా తమ్ముడిని ఏ దెబ్బ ఎక్కడ కొట్టాలో మనసులో సరిచూసుకున్నాడు. ముందు మోకాలు, తరవాత భుజం, ఆఖర్ని బుర్ర. గంట గడిచేసరికి భుజం వదిలేసేడు, తన భుజమే పీకుతోంది కనక. పంతులుగారు రేకుడబ్బాలు ఒక్కొక్కటే దింపి, ఒక్కొక్క పిన్నూ తీసి, వెలుతుర్లో చూసి, మళ్ళీ డబ్బాలో వేస్తున్నారు. మధ్యలో కాఫీ తాగేరు. ఎక్కడికి పోతున్నావని అడగలేదు. అన్నదమ్ములు ఇలా ఉండాలి అలా ఉండాలి అని ఒక్క ముక్క అనలేదు. అలాంటి మాటలు ఆయనకి అసలు రావు. దొర తనకి ప్లగ్గులు తుడవడం నేర్పిన వైనం మాత్రం మొదటినుంచీ చెప్పేరు.

"పిన్ను దొరికిందేటండి?"

"దొరుకుతుంది. వదలకు."

రెండో గంట అయ్యేసరికి అసిరయ్యకి ఆ స్ప్రింగు తప్ప లోకంలో వేరే పగవాడు కనిపించలేదు.

అప్పుడు విశాలాక్షమ్మ గారు చెంబుతో మజ్జిగ తెచ్చేరు. అసిరయ్యకి చేతులు ఖాళీ లేవు. మొహం పైకెత్తి నోరు తెరిస్తే ఆవిడ పైనుంచి పోసేరు. పోస్తూ భర్తవైపు తిరిగి, "పెరట్లో అతనికి ఇచ్చేసేను. రేడియేటరు కాస్సేపు కింద పెట్టొచ్చా అని అడుగుతున్నాడు," అన్నారు.

పంతులుగారు దగ్గేరు.

"పెరట్లో ఎవులమ్మా?" అన్నాడు అసిరయ్య.

"మీ తమ్ముడే నాయనా. తెల్లారేసరికే గునపం పుచ్చుకుని మీ ఇంటికి బయల్దేరితే ఈయన ఆపి పట్టుకోమన్నారు."

 అసిరయ్య చూపు తిప్పుకోవడానికి కారు వైపు చూసేడు. బానెట్టు తెరిచే ఉంది. లోపల నేల కనిపించింది. నేల మీద ఒక పిల్లి పడుకుని ఉంది.

"పంతులుగోరూ, ఇంజనేదండీ?"

"విజయనగరం పంపించేను. సిలిండర్లు అరిగేయి, బోరు చెయ్యాలి. పది రోజులైంది."

"మరి ఈ స్ప్రింగు?"

పంతులుగారు ఒక ఖాళీ డబ్బాలోకి తలపెట్టి పిన్ను వెతకసాగేరు.

"రైసుమిల్లు వెనకాల పారేసినది," అన్నారు విశాలాక్షమ్మ గారు. "పొద్దున్నే వెళ్ళి ఏరుకొచ్చేరు. మీ గున్నమ్మా, మీ తమ్ముడి పెళ్ళాం గౌరీశ్వరీ నిన్న సాయంత్రం కలిసొచ్చి చెప్పుకున్నారు. ఎవరింట్లో మనిషి కోపం మీద లేచినా ఆడవాళ్ళు మా గుమ్మంలోకే వస్తారు. నిజంగా ఇంజను పనైతే ఈయన ఇంకొకరిని ముట్టుకోనిస్తారా? నన్నే ముట్టుకోనివ్వరు."

"విశాలాక్షీ, పొయ్యి మీద ఏమైనా ఉందేమో చూడు," అన్నారు పంతులుగారు డబ్బాలోంచి.

అసిరయ్య మనసులో లెక్కేసుకున్నాడు. పద్నాలుగుసార్లలో పదిసార్లు తను ఎవరో ఒకరి మీదకి తిట్టడానికో కొట్టడానికో పోతున్నవాడే. మిగిలిన నాలుగూ నిజంగా మడ్‌గార్డే అయి ఉండాలి. మెల్లిగా అరచేతులు తీసేడు. స్ప్రింగు ఎగిరి ఎవరి కంటికీ తగల్లేదు. నాలుగంగుళాలు దొర్లి ఆగింది. పంతులుగారు దాన్నీ చూడలేదు, అతన్నీ చూడలేదు. బడితె పందిరిలోనే ఉండిపోయింది. అసిరయ్య సందులోంచి పెరట్లోకి నడిచేడు.

గట్టు సంగతి ఆ తరవాత నాలుగు రోజులకి అన్నదమ్ములిద్దరూ తాడు పెట్టి కొలిచి తేల్చుకున్నారు. జరిపినది ఎలకలని తేలింది. అదంతా తరవాతి మాట. అప్పటికి మాత్రం పెరట్లో నూతి పక్కన మన్మథరావు రేడియేటరుని పొట్టకి ఆన్చుకుని నిలబడి ఉన్నాడు. పసుపునీళ్ళు కారి పంచె ముందు భాగం పెళ్ళికొడుకు పంచెలా ఉంది. అన్నని చూసి కదలబోయి, మళ్ళీ ఆగేడు.

"ఏటి పట్టుకున్నావు?" అన్నాడు అసిరయ్య.

"రేడియేటరు. కిందెట్టొద్దన్నారు. కిందెడితే లోపలి గొట్టాలు ముడుసుకుపోతాయట."

"ఎంతసేపయ్యింది?"

"తెల్లారగట్ల నించి. నువ్వేటి పట్టుకున్నావు?"

"స్ప్రింగు."

మన్మథరావు రేడియేటరుని పొట్ట మీదకి ఎగదోసుకున్నాడు. "స్ప్రింగైతే తేలికే," అన్నాడు.

"తేలికనుకున్నావేటి."

ఇంటి ముందు నించి పంతులుగారి గొంతు వినిపించింది. "వదలకండి, వస్తున్నా."

అసిరయ్యకి నిజం నాలిక చివరిదాకా వచ్చింది. బానెట్టు కింద పిల్లి తప్ప ఏమీ లేదని ఒక్క మాట అంటే తమ్ముడు దాన్ని అక్కడే దింపేసేవాడు. కాని అలా అనబుద్ధి కాలేదు. తలపాగా విప్పి భుజాన వేసుకుని దగ్గిరికి వెళ్ళేడు.

"ఓ సివర ఇలగియ్యి."

ఇద్దరూ చెరో వైపూ పట్టుకున్నారు. 

"ఈ బండి ఎప్పటికైనా నడుస్తాదంటావా?" అన్నాడు మన్మథరావు.

"నడుస్తాదిరా," అన్నాడు అసిరయ్య. "నువ్వు సరిగ్గా పట్టుకో."