ఆయన జవాబులు, నా ఒక్కపొద్దు

కర్నూలు రాజధానిగా ఉండి, సర్కారు కచేరీలు డేరాల్లో నడిచిన ఆ కాలంలో మా నందికొట్కూరు వైపు దేవుణ్ణి తిట్టని ఇల్లు లేదు. వాన రాకపోతే తిట్టేవాళ్లు. వచ్చి కల్లంలో జొన్నలు తడిపితే ఇంకా గట్టిగా తిట్టేవాళ్లు. ఆ తిట్టిన నోటితోనే శనివారం గోవిందా అనేవాళ్లు. మనవాడు కాబట్టే తిడుతున్నామని అందరి లెక్క. కానీ అసలు దేవుడే లేడన్న మనిషిని మాత్రం మా ఊరు అంతవరకు చూడలేదు. అలాంటి మనిషి మొట్టమొదట బయలుదేరింది మా ఇంట్లోనే, అదీ నేను కాపురానికి వచ్చిన ఏడాదిలోనే. ఇంకెవరు, మా ఆయనే.

ఆయన బడిలో అయ్యవారు. ఏదో పనిమీద కర్నూలు పోయి, అక్కడ ఎవరిదో ఉపన్యాసం విని తిరిగొచ్చాడు. కాళ్లు కడుక్కొని దేవుని గూటికి దండం పెట్టుకోరా అని మా అత్త అంటే, నిదానంగా తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ "దేవుడు లేడమ్మా" అన్నాడు. మా అత్త పిండి కలుపుతూ తల కూడా ఎత్తకుండా "యాడికి పోయినాడు?" అని అడిగింది. (ఆమె ఎగతాళికి అనలేదు. గూట్లో పటం కింద పడిందేమో అనుకుందట.)

సంగతి తెలిశాక ఊరంతా ఆయన్ని చూడడానికి వచ్చింది, జ్వరం వచ్చినవాణ్ణి చూడడానికి వచ్చినట్టు. ఒకరు నిమ్మకాయతో దిష్టి తీశారు. పక్కింటి సాయిబుల అవ్వ కడప దర్గా నుంచి దారం తెచ్చింది. ఆయన చేయి చాపి కట్టించుకున్నాడు. దేవుడు లేడంటూ ఈ దారమేమిటి అని నేను అడిగితే, "అవ్వ నాకోసం కడప దాకా పోయొచ్చింది. అదైతే ఉండాది కదా" అన్నాడు. అంతే ఆయన మాటలు. రోజుకు పది మాటలు మాట్లాడితే గొప్ప. అడగవలసినవి ఊరికి చాలా ఉండేవి, ఆయనేమో మాట్లాడడు. దాంతో అడిగేవాళ్లందరూ నీళ్ల బావి దగ్గర, విసురురాయి దగ్గర నన్ను పట్టుకోవడం మొదలుపెట్టారు.

నేను చదివింది రెండో తరగతి. అయితే ఒకసారి విన్న మాట మరిచిపోయే అలవాటు నాకు చిన్నప్పటి నుంచీ లేదు. పగలు వాళ్లడిగింది మనసులో పెట్టుకొని, ఆయనకు రొట్టె వడ్డించేటప్పుడు అడిగేదాన్ని. ఆయన రొట్టె ముక్కకు శెనక్కాయల చట్నీ అద్దుకుంటూ జవాబు చెప్పేవాడు. తెల్లవారి బావి దగ్గర ఆ జవాబు ఒక్క అక్షరం పోకుండా ఒప్పజెప్పేదాన్ని. దేవుడంటే భయం లేకుంటే దొంగతనానికి పోడా అని అడిగిన ఒకామెకు, "మీ ఇంటాయన దేవుని భయంతోనే దొంగతనం మానుకున్నాడా, లేకుంటే చేసేటోడా?" అని ఒప్పజెప్పాను. ఆమె బిందె ఎత్తుకొని పోయింది, నాలుగు నాళ్లు మాట్లాడలేదు. తేలు కుడితే ఎవరిని పిలుస్తాడు అంటే, "అమ్మా అనే అరుస్తాడు, మీరందరూ అరిచేదీ అదే కదా" అన్నాను. మరి పండగనాడు ఓళిగలు (అదే, బొబ్బట్లు) ఎట్లా తింటాడు అంటే, "ఓళిగలు ఉండాయి కదా, కండ్లకు కనపడతాండాయి" అన్నాను. చచ్చినాక ఎక్కడికి పోతాము అన్నదానికి కూడా ఆయన దగ్గర ఒక జవాబు చెప్పించుకొని సిద్ధంగా పెట్టుకున్నాను గానీ, ఎందుకో ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. అది నా దగ్గరే ఉండిపోయింది.

నేనేమో, నిజం చెప్పాలంటే, ఈ జవాబుల్లో ఒక్కటీ నమ్మలేదు. శనివారం శనివారం ఒక్కపొద్దు ఉండేదాన్ని. సాయంత్రం గూట్లో దీపం పెట్టేదాకా పచ్చి మంచినీళ్లు తప్ప ముట్టేదాన్ని కాదు. మా ఆయనకు మంచి బుద్ధి ఇయ్యమని దేవునికి మొక్కుతూ, బయట ఆయన తరఫున దేవుడు లేడని చెబుతూ తిరిగాను. ఆయన మాట ఎవరైనా తీసిపారేస్తే నాకు పడేది కాదు. అంతకు మించి ఆలోచించలేదు.

అంతా నవ్వులాటగానే ఉండేది, మా ఆడబిడ్డకు మైదుకూరు సంబంధం వచ్చేవరకు. పిల్లవాడు బుద్ధిమంతుడు, ఇంట్లో పాడి, బావి కింద నాలుగు ఎకరాలు. మా ఆడబిడ్డ ఆ పిల్లవాణ్ణి ఏదో పెళ్లిలో చూసింది, ఆ మాట నాకు ఒక్కదానికే చెప్పింది. ఇంకో సంబంధం మాట ఎత్తితే అన్నం మానేసేట్టు ఉంది. మామ లేడు కాబట్టి పీటల మీద కూర్చొని కాళ్లు కడగవలసింది అన్నే. ఆ అన్నేమో దేవుడు లేడంటాడని మైదుకూరు దాకా పోయింది కబురు. ఆ ఇంట్లో ఏది కావాలన్నా, వద్దన్నా పిల్లవాడి జేజి, అంటే నాయనమ్మ, మాటే. ఆ జేజి తానే వచ్చి కనుక్కుంటానని, పిల్లవాడి నాయన అయిన తన కొడుకును వెంటబెట్టుకొని బస్సెక్కింది. మా అత్త కొడుకును కూర్చోబెట్టి చెల్లెలి మొహం చూడమంది, ఏడ్చింది. ఆయన అబద్ధం చెప్పలేనన్నాడు. కావాలంటే నోరు మూసుకొని కూర్చుంటానన్నాడు. ఆయనకు అది కష్టమైన పని కాదు కదా.

వాళ్లు వచ్చింది శనివారం. జేజి చిన్న మనిషి, గొంతు పెద్దది. చాప మీద కూర్చొని, మజ్జిగ తాగి, చెంబు పక్కన పెట్టి నేరుగా అడిగింది.

"ఏమప్పా అయ్యవారూ, దేవుడు లేడంటాండావంట. నిజమేనా?"

ఆయన చెప్పిన మాట ప్రకారం నోరు మూసుకున్నాడు. జేజి ఇంకోసారి అడిగింది. ఆయన నేలవైపు చూశాడు. పెద్దమనిషి అడిగితే జవాబు చెప్పనివాడు పొగరుబోతు అనుకోరా? వాకిలి వెనక మా ఆడబిడ్డ నా కొంగు గట్టిగా పట్టుకొని ఉంది. ఓళిగల తట్ట పట్టుకొని నిలబడ్డ నాకు, ఎక్కడ లేని తొందర వచ్చింది.

"లేడని కాదు జేజీ, కనపడలేదంటాండాడు" అని అందుకున్నాను.

"అట్లయితే వాన ఎవురు కురిపిస్తాండారు?"

"ఉండాడని ఇంతమంది మొక్కుతాండాము కదా జేజీ, మన పక్క యాడ కురిపిస్తాండాడు?"

జేజి నావైపు తిరిగి కూర్చుంది. తరువాత ఏమని చెప్పను, ఆమె అడగడం, నేను చెప్పడం. దొంగతనం వచ్చింది, తేలు వచ్చింది, ఓళిగలు వచ్చాయి. బావి దగ్గర నలిగి నలిగి నున్నబడ్డ జవాబులవి, అడ్డం లేకుండా దొర్లాయి. మా అత్త కళ్లతో వద్దు వద్దంటోంది. మా ఆయన, తన మాటలే అయినా, మొదటిసారి వింటున్నట్టు నోరు తెరుచుకొని వింటున్నాడు. చివరికి జేజి చేత్తో ఆపి, కొడుకువైపు తిరిగి తీర్పు చెప్పింది.

"రోగం యాడుండాదో తెలిసిపాయ నాయనా. ఈ అయ్యవారు బంగారట్లా ఉండాడు, నోట్లో మాట లేదు. కోడలే వాణ్ణి ఇట్లా చేసి పెట్టింది. పరాయింటి పిల్ల కదా, ఆ యమ్మి రగతం మనింటికి యాడొస్తాది? సంబంధం కాయం చేసుకో."

మా అత్తకు నా సంగతి తెలియదా? పొద్దున్నే తలకు పోసుకొని తులసికి నీళ్లు పోసిన కోడలు. మా కోడలు అట్లాంటిది కాదు అనడానికి నోరు తెరిచింది. నేను చిన్నగా తల అడ్డంగా ఊపాను. ఆమె నోరు మూసుకొని నావైపు చూసిన చూపు ఇప్పటికీ నా కళ్లలో ఉంది. వెనక నా కొంగు మీద పట్టు వదులైంది.

అక్కడితో అయిపోతే బాగుండేది. జేజి తట్టలోంచి ఓళిగ తీసి, నెయ్యి అద్ది నా ముందు పెట్టింది. "తిను యమ్మీ. ఒక్కపొద్దులూ అవీ నీకు ఉండవు కదా" అంది. అందరూ నావైపే చూస్తున్నారు. ఒక్కపొద్దు జేజీ అంటే కట్టిన కథంతా కూలుతుంది. మనసులో వెంకటేశ్వర స్వామికి చెప్పుకొని తిన్నాను. (పాపం ఎంత వచ్చిందో తెలియదు గానీ, అంత రుచిగల ఓళిగ మళ్లీ తినలేదు.)

వాళ్లు పోయాక గూటి ముందు కూర్చొని ఏడ్చాను. ఆయన వచ్చి కాసేపు తచ్చాడి వెళ్లాడు. సాయంత్రం రొట్టె పెడితే ముట్టలేదు. ఒంట్లో బాగాలేదా అన్నాను.

"నీది పోయింది కదా. నీ బదులు నేనుంటాలే" అన్నాడు.

"మీకు దేవుడు లేడు కదా."

"నీకు ఉండాడు కదా" అన్నాడు.

ఆకలికి ఒక్క గంట ఆగలేని మనిషి. రాత్రంతా అటూ ఇటూ దొర్లి, కోడి కూయకముందే లేచి రొట్టెల బుట్ట వెతుక్కున్నాడు. ఆ ఒక్కపొద్దు ఎవరి లెక్కలో పడిందో నాకు ఈనాటికీ తెలియదు.

పెళ్లి బాగా జరిగింది. ఆయన పీటల మీద కూర్చొని పురోహితుడు చెప్పినట్టే నీళ్లు ధారపోసి చెల్లెల్ని కన్యాదానం చేశాడు. జేజి మురిసిపోయి, పెండ్లాం నోరు తెరవకుంటే ఎంత చక్కగా ఉంటాడో అన్నదట. మైదుకూరులో మాత్రం నేను "దేవుడు లేడనే యమ్మి"గానే స్థిరపడ్డాను. ఎప్పుడు పోయినా నాకు తీర్థం రెండుసార్లు పోసేవాళ్లు, ఒకసారి సరిపోదేమోనని.

కొన్నేళ్లకు జేజి మంచం పట్టి నన్ను పిలిపించింది. దగ్గర కూర్చోబెట్టుకొని, ఎవరూ వినకుండా అడిగింది: "యమ్మీ, చచ్చినాక యాడికి పోతాము?"

అన్నేళ్లు నా దగ్గర మిగిలిపోయిన జవాబు అది. నా మనసులో ఉన్నది చెప్పాలా, ఆయనది చెప్పాలా అని తటపటాయించాను. కానీ స్వర్గం నరకం సంగతి చెప్పేవాళ్లు ఆమె చుట్టూ చాలామంది ఉన్నారు. నన్ను పిలిచింది అందుకు కాదు.

"పుట్టకముందు యాడుంటిమో ఆడికే పోతామంటాడు జేజీ మా ఆయన."

జేజి దుప్పటి మీద నుంచే మోకాళ్లు తడుముకుంది. "ఆడ నాకు మోకాళ్ల నొప్పులు లేకుండె" అంది, చిన్నగా నవ్వింది. తరువాత నా చెయ్యి నిమురుతూ, "నువ్వు మంచిదానివే యమ్మీ. ఒకవేళ ఆడ దేవుడుండి, ఆయప్ప కనపడితే నీ సంగతి చెప్తాలే, కోపం పెట్టుకోవద్దని" అంది.

ఇప్పటికీ శనివారం సాయంత్రం గూట్లో దీపం పెట్టినప్పుడల్లా నాకు నవ్వొస్తుంది. ఆ జేజి మాట తప్పే మనిషి కాదు, చెప్పే ఉంటుంది. వారం తప్పకుండా దీపం పెట్టే ఈ యమ్మిని దేనికి క్షమించాలో తెలియక, ఆయప్ప అక్కడ తల గోక్కుంటూ ఉంటాడు.