మెయిన్ మీద చెయ్యేసి నిలబడ్డ యాదమ్మక్క

ఈమధ్య మా అత్తాపూర్ ఇంట్లో స్విచ్‌లన్నీ మార్పించాం. కొత్తవి వేలు ఆనిస్తే చాలు, చప్పుడైనా చేయవు. వంటింట్లో మాత్రం పాతది ఒకటి మిగిలిపోయింది. గట్టిగా నొక్కితేగానీ పడదు, పడ్డాక టక్కుమంటుంది. అది టక్కుమన్నప్పుడల్లా నాకు కొత్వాల్‌గూడలో మేం అద్దెకున్న ఇంటావిడ యాదమ్మక్క గుర్తొస్తుంది.

మావారికి ఎయిర్‌పోర్టులో ఉద్యోగం వస్తే 2012లో తణుకు నుంచి వచ్చి వాళ్ళ మేడమీది వాటాలో దిగాం. నేను మాటకో 'అండి' తగిలిస్తే యాదమ్మక్కకు ఒకటే నవ్వు. అవి పొద్దస్తమానం కరెంటు కోతల రోజులు. కరెంటు పోగానే ఆమె ఇల్లంతా తిరిగి స్విచ్‌లన్నీ ఆపేది. తిరిగి వచ్చిందని తెలియడానికి వాకిట్లో బల్బు ఒక్కటే వేసి ఉంచేది. నేను మరిచిపోతే మెట్లెక్కి వచ్చి మరీ చీవాట్లు పెట్టేది. ఏం చాదస్తమమ్మా అని లోలోపల విసుక్కునేదాన్ని.

ఒక వేసవి మధ్యాహ్నం మెట్ల దగ్గరి బల్బు హోల్డరు ఊడి వేలాడింది. ఆ బల్బుకు కింద ఒక స్విచ్, పైన ఒక స్విచ్. దేన్ని నొక్కినా వెలుగుతుంది, దేన్ని నొక్కినా ఆరుతుంది. అందుకే స్విచ్‌ను చూసి అది ఆపి ఉందో లేదో చెప్పలేం. కోత టైమే కదా, ఫరవాలేదులే అని మావారు స్టూలెక్కి వైర్లు పట్టుకున్నారు. యాదమ్మక్క వెళ్ళి మెయిన్ స్విచ్ ఆపి, దానిమీద చెయ్యేసి నిలబడింది.

పని సగంలో ఉండగా పక్కిళ్ళలో ఫ్యాన్లు తిరిగాయి. ఇక్కడ ఊయలలో ఆమె మనవరాలు ఉక్కకు గుక్కపట్టి ఏడుస్తోంది. కోడలు పరుగున వచ్చి మెయిన్ వేయమని బతిమాలింది, వినకపోతే చెయ్యి పట్టి లాగింది. యాదమ్మక్క కదల్లేదు.

"ఏడ్వనీ బిడ్డా. పైన మనిషి ఇంక దిగలే," అంది.

మావారు దిగివచ్చి ఖాళీ చేతులు చూపించాకే మెయిన్ వేసింది. అప్పటికి కోడలి ముఖం కందిపోయింది.

సాయంత్రం వాకిట్లో కూర్చున్నప్పుడు, ఎందుకక్కా అంత భయం అని అడిగాను. వాళ్ళాయన పోయారని తెలుసుగానీ, ఎలా పోయారో నాకు తెలియదు.

"కరెంటొచ్చింది. మడి ఎండుతుందని ఉరికి మోటరు స్విచ్ ఏసిన. ఆయన అవుతల బోరుకాడ వైరు చుడుతుండె. ఎవలన్న ఉన్నరా అని ఒక్కమాట అడగకపోతి."

నాకు ఏడుపొచ్చింది. ఆమె మాత్రం ఏడవలేదు, మనవరాలిని ఒళ్ళోకి తీసుకుని విసనకర్రతో విసురుతూ కూర్చుంది.

ఇప్పటికీ మెయిన్ వేసే ముందు "ఎవరైనా ఉన్నారా?" అని కేకేస్తాను. మావారు డ్యూటీలో, పిల్లలు బడిలో, ఇంట్లో నేనొక్కదాన్నే ఉన్నా సరే. నా పిచ్చికి నాకే నవ్వొస్తుంది. అయినా ఏ గదిలోంచీ జవాబు రాదని నమ్మకం కుదిరేదాకా చెయ్యి కదలదు.