మూడు మేకుల గడప

మెదక్ ఖిల్లా కింది గల్లీలో గాలయ్య ఇల్లు. తహసీలు కచేరీలో ఆయన బిళ్ళబంట్రోతు. అంటే కచేరీ ముందు స్టూలు మీద కూచుని, వచ్చిన రైతు మొహం చూసి, ఆ మొహానికి తగిన మామూలు వసూలు చేసే ఉద్యోగం. ఛాతీ మీద అడ్డంగా పట్టీ, పట్టీకి ఇత్తడి బిళ్ళ. ఆ బిళ్ళ తీసేస్తే గల్లీ కుక్క కూడా ఆయన్ను చూసి మొరగదు. ఉంటే మాత్రం శివ్వంపేట నుంచి అల్లాదుర్గ్ దాకా అరుగుల మీదున్న మనుషులు లేచి నిలబడేవారు. అందుకే రోజూ పొద్దున్నే దాన్ని చింతపండుతో తోమేవాడు. తోమి తోమి దాని మీది అక్షరాలు అరగదీశాడు గానీ, దాని వల్ల వచ్చే కోళ్ళు మాత్రం తగ్గలేదు.

యుద్ధం రోజుల్లో సర్కారు రైతుల దగ్గర లేవీ గల్లా, అంటే పంటలో వాటా ధాన్యం, గుంజింది. గుంజిన చేతుల్లో గాలయ్యవీ రెండున్నాయి. ధాన్యం బండ్లు సర్కారు గోదాముకు పోయేవి. వాటి వెనకాలే వచ్చిన నెయ్యి ముంత, కోడిపుంజు, సొరకాయ గాలయ్య ఇంటి ముందు దిగేవి. ఇల్లు కూడా అట్లాగే దిగింది. దూలాలు ఒక ఊరివి, గూనపెంకలు ఇంకో ఊరివి, గోడలకు మట్టి తొక్కిన కాళ్ళు ఎవరెవరివో వెట్టివాళ్ళవి. గృహప్రవేశానికి కొట్టిన కొబ్బరికాయైనా ఆయన సొంతం అనుకుందామంటే, అదీ దుకాణంలో ఊరికే పట్టుకొచ్చిందే.

ఆ ఇంటికి అందమంతా దర్వాజది. టేకు ద్వారబంధం, పైకమ్మికి రెండు వైపులా చెక్కిన చిలకలు. శివ్వంపేటలో ఆగమ్మ అనే రైతుపడుచు ఇంట్లో లేవీ ధాన్యం తక్కువ పడితే, ఆ తక్కువకు బదులు గాలయ్య గోడ తవ్వించి దర్వాజ పెరికించాడు. ఆగమ్మ గడపను రెండు చేతులా పట్టుకుని కూచుంటే చేతులు విడిపించిందీ ఆయనే. భార్య సిద్దమ్మకు మాత్రం అల్లాదుర్గ్ అంగట్లో కొన్నానని చెప్పాడు.

గడప మీద మూడు పెద్ద మేకులు తలల దాకా దిగగొట్టి ఉండేవి. పసిబిడ్డ పోయిన ఇంట్లో గడపకు మేకు కొడతారు, చావు మళ్ళీ ఆ గడప దాటి లోపలికి రావద్దని. సిద్దమ్మకు ఆ సంగతి తెలుసు. ఏ తల్లి ఎంత కష్టంలో అమ్ముకుందో అనుకుని, శుక్రవారం గడపకు పసుపు రాసేటప్పుడు ఆ మేకుల మీద ఇంకొంచెం ఎక్కువ రాసేది. ఇలాంటి మనిషికి అలాంటి పెండ్లాం ఎట్లా దొరికిందని గల్లీవాళ్ళు అనుకునేవారు. వాళ్ళ అనుమానం న్యాయమైందే.

నలభై ఎనిమిది సెప్టెంబరులో యూనియన్ మిలట్రీ వచ్చింది. అప్పటిదాకా ఆ చిలకల మధ్య ఎగిరిన నిజాం సర్కారు పసుపు జెండా పొయ్యిలోకి, బిళ్ళ బావిలోకి పోయాయి. మర్నాటి నుంచి గాలయ్య తల మీద తెల్లటోపీ మొలిచింది. ఎదురుపడిన ప్రతివాడికీ జైహింద్ చెప్పడం మొదలుపెట్టాడు, గేదెలను తోలుకుపోయే ముసలమ్మతో సహా. కానీ ఊళ్ళ నుంచి జనం ఇప్పుడు భయం లేకుండా పట్నానికి వస్తున్నారు. చేగుంటలో ఇలాంటి బంట్రోతునే ఒకణ్ణి పట్టుకుని, సగం మీసం గొరిగి బజారంతా తిప్పారట. ఆ కబురు విన్నరోజు గాలయ్య అన్నం సయించక తన మీసాన్ని తడుముకుంటూ కూచున్నాడు. ఇల్లమ్మి, బావమరిది ఉన్న షోలాపూర్ పోవాలి. అక్కడ ఆయన మొహం ఎవరికీ తెలియదు. శివ్వంపేటవాళ్ళ కంట పడకముందే పని అయిపోవాలి.

ఇంటిని సింగారించడం మొదలైంది. గోడలకు సున్నం, అడుగున ఎర్రమన్ను పట్టీ. కారే చోట పెంకలు తిప్పించి, పొగచూరిన దూలాలకు నూనె రాయించాడు. ఆ పనివాళ్ళకు ఈసారి కూలి ఇవ్వాల్సి రావడం చూసి, స్వరాజ్యం మీద ఆయనకు మొదటి అనుమానం కలిగింది.

బేరానికి మొదట చేగుంట బెల్లం వ్యాపారి వచ్చాడు. గుమ్మం దగ్గర చెప్పులు విడిచి, గడప వైపు చూసి, మళ్ళీ చెప్పులు తొడుక్కున్నాడు. మూడు మేకులున్న ఇంట్లో నా కోడల్ని కాపురం పెట్టనంటూ వెళ్ళిపోయాడు.

గాలయ్య పట్టకారు తెచ్చి మేకులు పీకాడు. సిద్దమ్మ వద్దని చేయి పట్టుకుంటే విదిలించుకున్నాడు. కచేరీలో లకోటాలకు సీలు వేసే లక్క ఇంట్లో గంపెడుంది. దాన్ని కరిగించి రంధ్రాల్లో పోసి, పైన మందంగా పసుపు పూశాడు. మేకులు మంచి ఇనుము, పారేయబుద్ధి కాలేదు. ఆ మనిషి జన్మలో పారేసింది పరువొక్కటే. వాటితోనే మూడురంగుల జెండాను చిలకల మధ్య పైకమ్మికి బిగించి, కిందికి దిగి సలాం కొట్టాడు. చేయి అలవాటు ప్రకారం పాత సలామే కొట్టింది.

తర్వాత దవాఖానాలో కంపౌండర్ యోసేపు, తల్లి ఎలిశిబాను వెంటబెట్టుకుని వచ్చాడు. వాళ్ళు కిరస్తానీలు, మేకుల పట్టింపు ఎటూ లేదు. పీకకపోయినా సరిపోయేది గానీ, గాలయ్యకు ఆ సంగతి ఎవరు చెప్పాలి? తల్లీకొడుకులకు ఇల్లు నచ్చింది. చాయ్ కూడా వచ్చింది. నేను చెమటోడ్చి కట్టుకున్న ఇల్లు అని గాలయ్య గొంతు గద్గదం చేసుకుంటున్నప్పుడు, వాకిట్లో ఒక ఆడమనిషి వచ్చి నిలబడింది. మిలట్రీ వచ్చిన నాటి నుంచి ఈ ఇంటి ఆచూకీ అడుగుతూ తిరుగుతున్న ఆగమ్మ. చిలకలను చూసి గుర్తుపట్టింది.

గాలయ్య లేచి నిలబడ్డాడు. ఒకప్పుడు ఒసేయ్ అన్న నోరు, "రా అక్కా, కూసో" అంది.

ఆగమ్మ లోపలికి రాలేదు. గడప దగ్గర గొంతుకూచుని చేత్తో తడిమింది. "నా మేకులేవి?"

ఏ మేకులు అక్కా, ఇది అంగట్లో కొన్న దర్వాజ అన్నాడు గాలయ్య, యోసేపు వైపు నవ్వు మొహం పెట్టి. ఆగమ్మ బొటనవేలి గోరుతో పసుపు గీకింది. ఎర్రటి లక్క బయటపడింది. అది పెచ్చులుగా లేచొచ్చేదాకా గీకింది. మూడు రంధ్రాలు కనిపించాయి.

"గిది నా పెద్దకొడుకుది. అమ్మవారు పోసి పోయిండు. గిది పిల్లది. గీ కొసకున్నోడు పేరు పెట్టకముందే పాయె."

సిద్దమ్మ మొగుడి వైపు తిరిగి చూసింది, ఆయన దూలాల వైపు చూస్తున్నాడు.

మనుషులను పిలిచి దర్వాజ ఊడదీయిస్తాను, తీసుకుపోమన్నాడు యోసేపు.

"యాడ వెట్టాలె సారూ? నా ఇల్లు రజాకార్లు కాలవెట్టిండ్రు. గోడలు గూడ లెవ్వు."

గాలయ్యకు ప్రాణం లేచివచ్చింది. "సూసినవా అక్కా? నేను తెచ్చినందుకే గిది బతికింది. ఆడ్నే ఉంటె బూడిదైతుండె" అన్నాడు. అని, నిజంగానే, ఆమె దండం పెడుతుందేమోనని ఒక్క క్షణం ఎదురుచూశాడు. ఇలాంటివాళ్ళకు సిగ్గు ఎక్కడుంటుందో వెతికినా దొరకదు.

"నీ దర్వాజ నువ్వే ఉంచుకో" అంది ఆగమ్మ. "మేకులియ్యి. గుడిసె ఏసుకున్నం. దాని గడపకు కొట్టుకోవాలె. ఉన్న ఒక్క పిల్ల దాంట్లనే పండుతున్నది."

గాలయ్య చూపు తనకు తెలియకుండానే పైకి పోయింది. వెంటనే దించుకున్నాడు గానీ సిద్దమ్మ అప్పటికే చూసింది. కచేరీ స్టూలు, అవును, అదీ ఇంటికే చేరింది, దాన్ని తెచ్చి గుమ్మం కింద వేసి, పట్టకారు పట్టుకుని ఎక్కింది. సర్కారు జెండా దించితే కేసవుతుందని గాలయ్య గొణిగాడు. ఆమె ఒక్కొక్కటే పీకింది. మూడోది రాగానే జెండా జారి ఆయన తెల్లటోపీ మీద పడింది. సిద్దమ్మ మేకులను చీర చెంగుతో తుడిచి, పసుపు రాసి, ఆగమ్మ కొంగులో తానే ముడివేసింది. ఆగమ్మ ఆ ముడిని బొడ్డులో దోపుకుని శివ్వంపేట దారి పట్టింది.

ఎలిశిబా తల పైకెత్తి ఇంటిని ఇంకోసారి చూసింది. "మరి గీ దూలాలెవలియి? గా పెంకలెవలియి?" అని అడిగింది. గాలయ్య నోరు తెరిచాడు గానీ ఈసారి ఏ అంగడి పేరూ గుర్తు రాలేదు. తల్లీకొడుకులు చాయ్ గ్లాసులు అక్కడే పెట్టి లేచిపోయారు.

పొద్దు వాలింది. జెండా చేతిలో పట్టుకుని గాలయ్య గల్లీ అటూ ఇటూ చూశాడు. జెండా లేకుండా గుమ్మం బోసిగా ఉంది. వచ్చేపోయేవాళ్ళు లోపలికే చూస్తున్నట్టు ఉంది. ఇంట్లో మేకులేమన్నా ఉన్నాయా అని భార్యను అడిగాడు. సిద్దమ్మ పసుపు గిన్నె తీసుకుని, ఆ గడప తొక్కకుండా దొడ్డిదారిన బయటికి పోతూ ఆగింది.

"ఇంట్ల లెవ్వు. ఇంకెవలి గడపకన్న ఉంటె పీక్కరా పో."