కోళ్లగంప మీది ఇనుము

పిల్లలకు దయ్యాల కథలు చెప్పి అన్నం తినిపించిన చేయి నాది. అయినా వాటిని నేను ఒక్కనాడూ నమ్మలేదు. మా జువ్వలదిన్నెలో సముద్రం మింగినవాళ్లు ఎందరో. ఒక్కరూ తిరిగొచ్చి తలుపు తట్టలేదు. అందుకే ఇది దయ్యం పనని చెప్పను. జరిగింది జరిగినట్టు చెబుతాను.

నా రెండో కాన్పు నాటి మాట. అరవయ్యో సంవత్సరమో, దాని ముందుదో. మా ఆయన ఎండుచేపలు కావలికి తోలేవాడు. యుద్ధకాలం నాటి పాత మిలిటరీ లారీ ఆయనది. ఇంజను పక్కన, పొగనంతా పోగుచేసి వెనక గొట్టంలోకి పంపే ఇనుప కొమ్ముల తునక ఒకటి ఉంటుంది. మేనిఫోల్డు అంటారు. ఉప్పుగాలి తిని తిని అది పగిలింది. అలాంటిది మద్రాసులో కూడా దొరకలేదు.

మా ఆయన, కమ్మరి సుబ్బయ్య కలిసి నీళ్ల గొట్టాలు కోసి, వంచి, అతికించి కొత్తది తయారుచేశారు.

"ఇంజనుకు పేగులు మార్చినాం అన్నా. ఎండలో యాడికైనా తోలుకో. కాలే ఇనుము మీద చన్నీళ్లు పడినాయంటే మాత్రం అతుకు నిలవదు. అప్పుడు నన్ను తిట్టబాక" అన్నాడు సుబ్బయ్య.

"నిన్ను తిట్టేదానికి వానే రావాల్నా?" అని నవ్వాడు మా ఆయన.

పాతదాన్ని నేను పారేయనివ్వలేదు. కోళ్లగంప మీద బరువుకు పెట్టుకున్నాను.

నేను కని ఆరు రోజులైంది. వాన పట్టుకుంది. మా పెద్దది, నాలుగేళ్ల రమణమ్మకు గొంతు వాచింది. తెల్లవారేసరికి ఊపిరి తీస్తే ఈల వేసినట్టు చప్పుడు. కంఠసర్పి అన్నారు. కావలి ఆసుపత్రికని మా ఆయన లారీ తీస్తే, మా అత్త పిల్లను ఒళ్లో పెట్టుకుని ఎక్కింది. దారిలో వాగు దాటే చప్టా మీద నీళ్లు పారుతున్నాయని అందరికీ తెలుసు. వేరే దారి లేదు. పచ్చి బాలింతనని నన్ను రానివ్వలేదు.

ఇంట్లో నేనూ, పసివాడూ, మా పిన్నమ్మా మిగిలాం. గడపలోనే కూర్చున్నాను. కాసేపటికి పంచ చివర కోళ్లగంప దగ్గర సుయ్‌మని చప్పుడైంది. పాత ఇనుము మీద జల్లు పడి ఆవిరైపోతోంది. వెళ్లి చేయి పెట్టాను. అరచేతి చర్మం దానికే అంటుకుపోయింది. కింద గంప వెదురు నల్లగా మాడింది. లోపల కోళ్లు ఒకటే గోల. లోపల గదిలో నా బాలింత కుంపటి తప్ప ఆ దగ్గర్లో ఎక్కడా నిప్పు లేదు.

పిన్నమ్మ కూడా చూసింది. "లోపలికి రా మే. దాని తట్టు చూడబాక" అంది.

నేను కదల్లేదు. ఇంజను నడుస్తుంటే కాలే ఇనుము అది. అది కాలుతున్నంతసేపు నా బిడ్డ దారిలో ఉన్నట్టే అనిపించింది. అంతలో ఆవిరి పలచబడింది. చినుకులు చినుకుల్లాగే నిలవసాగాయి. రెండో చేయి పెట్టి చూశాను. చల్లారిపోతోంది.

చప్టా మీద ఆగిపోయారని ఎవరూ చెప్పకుండానే తెలిసిపోయింది.

పురుడు తీరేదాకా బాలింత కుంపటి గడప దాటకూడదు. దాటితే పసిబిడ్డకు కీడంటారు. నేను కుంపటి ఎత్తాను. పిన్నమ్మ గుమ్మానికి అడ్డం నిలబడింది.

"ఒక బిడ్డ కోసరం ఇంకో బిడ్డను పోగొట్టుకుంటావా మే?"

ఆమెను తోసుకుని పోయి, నిప్పులు ఆ ఇనుప కొమ్ముల మధ్య పోసి, వాన పడకుండా చాట అడ్డం పట్టి ఊదుతూ కూర్చున్నాను. లోపల పసివాడు గుక్కపట్టి ఏడుస్తున్నాడు. పాలు కారి రవిక తడిసిపోయింది. నేను లేవలేదు. ఆఖరి నిప్పు బూడిదయ్యేదాకా ఊదాను.

మూడో రోజు మా ఆయన నడిచి వచ్చాడు. ఒక్కడే.

"బతికుండాది. అమ్మ దగ్గరుండాది" అన్నాడు దూరం నుంచే.

చప్టా నడుమ నీళ్లు ఇంజనులోకి కొట్టి, కొత్త మేనిఫోల్డు ఫట్‌మని రెండుగా చీలిందట. ఇంజను ఆగింది. పిల్ల పెదాలు నీలమయ్యాయి. మొలలోతు నీళ్లలో నిలబడి హ్యాండిల్ తిప్పుతూ ఏడ్చాడట. ఎన్నో తిప్పుకో ఇంజను అందుకుంది. చీలిన గొట్టాలతో తోలితే చెవులు పగిలే మోత రావాలి. రాలేదట. అక్కడినుంచి ఆరు మైళ్లు. ఆసుపత్రి ముందు బానెట్ ఎత్తి చేయి పెడితే, ఆ గొట్టాలు నీళ్లకుండలా చల్లగా ఉన్నాయట.

లారీని ఊరికి లాగించుకొచ్చాక సుబ్బయ్య వచ్చి చీలిన గొట్టాలు చూశాడు. మాడిన గంప చూశాడు. "ఇది నా పని కాదన్నా" అని వెళ్లిపోయాడు.

బాలింత భ్రమ అన్నారు కొందరు. భ్రమకు వెదురు మాడుతుందా? పసివాడికీ ఏమీ కాలేదు. ఆ ఇనుము ఎందుకు కాలిందో, నా పిడికెడు నిప్పులు ఏం చేశాయో నాకు ఇప్పటికీ తెలియదు.

లారీ తుక్కులోకి పోయింది. ఆ ఇనుము మాత్రం నా దగ్గరే ఉంది. వాన పట్టినప్పుడల్లా వెళ్లి దాని మీద చేయి పెడతాను. చల్లగానే ఉంటుంది. ఎడమ చేయే పెడతాను. కుడి అరచేతికి ఆనాటి నుంచి వేడి తెలియదు.