వర్ధన్నపేట బస్సులో ఖాళీ సీటు

వర్ధన్నపేటలో బస్సెక్కిన పెద్దావిడ, నా పక్క సీటు ఖాళీగా ఉన్నా నిలబడే ఉంది. పొద్దంతా నాటేసి వస్తున్నట్టుంది, చీర అంచుకు బురద ఇంకా ఆరలేదు. కూర్చోమని మూడోసారి అనేసరికి కసురుకుంది.

"దగ్గితే చాలు, ఒంటేలు పడ్తాంది బిడ్డా. సీటు ఖరాబు చెయ్యాల్నా?"

"దవాఖానల చెప్పలేదా పెద్దమ్మా?"

"నడుం నొప్పని ఆర్నెల్లు ఫిజియోథెరపీకి పోయిన. కరెంటు పెట్టిండ్రు, వంగుమన్నరు, లేవమన్నరు. దీని సంగతి ఒక్కలన్న అడిగిండ్రా? అడిగితె ముత్యాలు రాల్తయా?"

నేనూ ఫిజియోథెరపిస్టునే. ఆ మాట పైకి చెప్పలేకపోయాను. కాన్పుల తర్వాత కటి కింది కండరాలు వదులైతే ఇలా అవుతుందని, వ్యాయామాలతో చాలామందికి నయమవుతుందని పరీక్షలో పేజీలు నింపినదాన్ని. నా దగ్గరికొచ్చే ఆడవాళ్లను మాత్రం నడుము దాటి ఒక్క ప్రశ్నా అడగలేదు.

"ఇది తగ్గుతది పెద్దమ్మా" అన్నాను మెల్లగా.

"తగ్గుతదా?" ఆమె గొంతుకు బస్సంతా తిరిగి చూసింది. "మరి ఇన్నేండ్లు ఎవ్వలు చెప్పకపాయిరి?"

నేను నోరు తెరిచేలోపే మామునూరులో దిగిపోయింది.

నా మీద నాకే ఒళ్లు మండిపోయింది. మర్నాడు పొద్దున క్లినిక్‌లో, మూడు నెలలుగా నడుము నొప్పికి వస్తున్న ఒకామెను దగ్గితే మూత్రం పడుతోందా అని అడిగాను. ఆమె మంచం దిగి, వెళ్లి తలుపు మూసి వచ్చింది.