చదివితేనే కదా రాసేకొచ్చేది

కంబదూరు దగ్గర ఒక ప్రభుత్వ పాఠశాలలో నేను తెలుగు చెబుతాను. మూడేళ్ల కిందట, తాళం వేసి ఉన్న బీరువా తెరిపించి, అందులోని కథల పుస్తకాలను తొమ్మిదో తరగతి పిల్లలకు ఇంటికి ఇవ్వడం మొదలుపెట్టాను. అప్పటిదాకా ఏ వ్యాసం రాయమన్నా గైడులోని నాలుగు వాక్యాలే అందరి నోట్సుల్లోనూ కనిపించేవి. చదివితే రాత బాగుపడుతుందని నా ఆశ.

నాలుగు నెలలు గడిచాక, తల్లిదండ్రుల సమావేశంలో గొర్రెలు మేపే ఒకాయన లేచాడు.

"ఏం మేడమ్, మా పాప ఎప్పుడు చూసినా కథల పుస్తకం పట్టుకోనే ఉంటాది. వచ్చే ఏడు పదో తరగతి. కథలు చదివితే మార్కులొస్తాయా?"

చాలామంది తలలూపారు. మా హెడ్మాస్టరు కూడా, "పరీక్షలయ్యేదాకా బీరువాకు తాళం వేసేద్దాం మేడమ్" అన్నారు.

నేను రాసుకొచ్చిన కాగితం తీసి చదివాను. పఠనం వల్ల పదసంపద పెరుగుతుందని, భావవ్యక్తీకరణ మెరుగవుతుందని. ఒక్క ముఖంలోనూ కదలిక లేదు. ఒకాయన ఫోను చూసుకుంటున్నాడు. కాగితం మడిచి కూర్చున్నాను.

అప్పుడు ఆ గొర్రెలు మేపే ఆయన కూతురు తెలుగు నోట్సు పట్టుకుని ముందుకు వచ్చింది. క్లాసులో పెదవి విప్పని పిల్ల.

"నాయనా, కరువు గురించి జూలైలో రాసింది ఇది" అని చదివింది. "మా ఊరిలో వానలు లేవు. వానలు లేకపోతే పంటలు లేవు. పంటలు లేకపోతే కష్టాలు."

పేజీలు తిప్పింది. "ఇది పోయిన నెల రాసినా. 'మా చేనిలో వేరుశనగ పూత పూసింది కానీ ఊడలు మట్టిలోకి దిగలేదు, కాయ పట్టలేదు. అమ్మ ఆకాశం వైపు చూడదు, ఆకుల వైపు చూస్తుంది. ఆకులు వాడిన రోజు ఎవరితోనూ మాట్లాడదు.'"

ఫోను చూసుకుంటున్నాయన తల ఎత్తాడు. వెనక బెంచీలో ఆ పిల్ల తల్లి కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

పిల్ల అక్కడితో ఆగలేదు. "నాయనా, గొర్రెల్ని ఒకే బీడులో పది దినాలు మేపితే ఏమయితాది?"

"బక్కచిక్కిపోతాయి."

"తల్లిగొర్రె సరిగ్గా మేయకపోతే పిల్లకు పాలుంటాయా?"

"యాడుంటాయి?"

"నేనూ అంతే కదా నాయనా. చదివితేనే కదా రాసేకొచ్చేది. గైడొక్కటే చదివితే అవే నాలుగు మాటలొస్తాయి."

ఆయన కూతురి చేతిలోని నోట్సు తీసుకున్నాడు. "ఇంత మాట్లాడేది యాడ నేర్చినావే?" అన్నాడు నవ్వుతూ. తర్వాత హెడ్మాస్టరు వైపు తిరిగి, "తాళమేమీ ఏయొద్దు సార్. పిల్లోళ్లని చదవనీండి" అన్నాడు.

కూర్చున్నచోటనే ఉప్పొంగిపోయాను. వినేవాడి బతుకులోంచి పోలిక తేవడం, తన రాతనే సాక్ష్యంగా చూపడం, జవాబు ఎదుటివాడి నోటనే రప్పించడం, ఇవేవీ నేను నేర్పలేదు. కథల్లో మనుషులు ఒకరినొకరు ఒప్పించుకోవడం చదివి చదివి, తనకు తెలియకుండానే పట్టుకుంది. నేనేమో ఎదుట కూర్చునేది ఎవరో ఆలోచించకుండానే నా కాగితం రాసుకొచ్చాను.

ఆ పిల్ల ఇప్పుడు కళ్యాణదుర్గంలో ఇంటర్ చదువుతోంది. పోయినేడు వాళ్ల ఊరికి బస్సు కావాలని అర్జీ రాసింది తనే. ఇప్పుడు రోజూ పొద్దున ఎనిమిదింటికి బస్సు వస్తోంది. ఆ అర్జీ నకలు అడిగి తెచ్చుకున్నాను. మా బడికి కొత్తగా వచ్చిన టీచర్లందరికీ చూపిస్తుంటాను.